సమాధాన పుస్తకం

కరోనా తర్వాత బళ్ళు పూర్తిగా తెరుచుకున్న యేడాది, జూన్ మొదటివారంలో, కర్ణాటకలోని పావగడ తాలూకా తిరుమణికి దగ్గరలోని ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడిగా చేరాను. ఒకటి నుంచి ఏడు వరకు తరగతులు. మంజూరైన పోస్టులు ఏడు, ఉన్నవాళ్ళం నాతో కలిపి ఐదుగురం. మిగతా రెండు ఖాళీలూ త్వరలో నిండుతాయని ప్రతి సమావేశంలోనూ చెప్పేవారు. నేను ఆ బడిలో ఉన్నంతకాలం చెబుతూనే ఉన్నారు.

బడి ఊరి కొసన ఉంది. మూడు దిక్కులా సోలార్ పలకలే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ దారినే సైకిలు మీద పోయేవాణ్ణి, అప్పుడు అవన్నీ వేరుశెనగ చేలు. ఇప్పుడు భూమి లీజుకిచ్చిన రైతుల్లో కొందరు అదే భూమికి సెక్యూరిటీ యూనిఫాం వేసుకుని కాపలా కాస్తున్నారు. ఆడవాళ్ళు పలకలు కడిగే పనికి పోతారు. చేలగట్ల మీద నడిచిన కాలిబాటలన్నీ కంచెల లోపలికి పోయాయి. ఎదురుగా కనపడే ఇంటికైనా కంచె చుట్టూ తిరిగి పోవాలి.

ఆ యేడాది ఎలాంటిదో బడి పని తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. మూడో తరగతిలో చేరిన పిల్లలు అంతకుముందు సరిగ్గా బడి మొహం చూడలేదు. పెన్సిలు ఎటు పట్టుకోవాలో తెలియని ఎనిమిదేళ్ళ పిల్లలు ఉన్నారు. కర్ణాటకలో ఒకటి, రెండు, మూడు తరగతుల పిల్లల్ని ఒకే గదిలో కూర్చోబెట్టి, ఎవరికి ఎంత వచ్చో దాన్నిబట్టి గుంపులు చేసి నేర్పుతారు. దాన్ని నలి-కలి అంటారు, అంటే ఆడుతూ నేర్చుకోవడం. మా నలి-కలి గదిలో అరవైమందికి పైగా పిల్లలు, నేర్పేది శారద మేడమ్ ఒక్కతే. పిల్లలకు ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం. రెండూ కలిపి పలవరించే అరవై నోళ్ళ మధ్య ఆమె గొంతు మధ్యాహ్నానికి జీరబోయేది.

శారద మేడమ్‌కు అప్పటికి ముప్ఫై ఎనిమిదేళ్ళు ఉండొచ్చు. వై.ఎన్.హొసకోట నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. మా ఐదుగురిలో ఆమె ఒక్కతే ఆడమనిషి. ఈ సంగతి నాకు తెలియదని కాదు. తెలిసీ ఒక్కసారీ ఆలోచించలేదు, ఈ కథంతా దానివల్లే.

పాఠం చెప్పడం మా పనుల్లో చివరిది అయిపోయింది. గుడ్డు తిన్న పిల్లల ఫోటో ఒక యాప్‌లో, హాజరు ఇంకో యాప్‌లో, ఎవరికి ఎన్ని అక్షరాలు వచ్చాయో మరో దాంట్లో ఎక్కించాలి. సిగ్నల్ దొరికేది నీళ్ళ ట్యాంకు మెట్ల మీద. ఈ గొడవలో ఆగస్టు నెలలో ఒక ఉత్తర్వు వచ్చింది. కష్టకాలంలో పనిచేస్తున్న ఉపాధ్యాయులకు ప్రోత్సాహం ఇవ్వాలి, వాళ్ళు తమను తాము చూసుకునేలా చెయ్యాలి, ప్రతి శనివారం చివరి అరగంట అందుకు కేటాయించాలి, దానికి దాఖలా ఉంచాలి. చివరి మాట చదవగానే నాకు ఒళ్ళు మండింది. దాఖలా అంటే ఇంకో రిజిస్టరు.

ప్రధానోపాధ్యాయులకు పావగడలో ఒకరోజు శిక్షణ పెట్టారు. ఉత్సాహంగా మాట్లాడే ఒక కుర్రాడు మా చేత కళ్ళు మూయించి ఊపిరి లెక్కబెట్టించాడు. అద్దంలో చూసుకుని నవ్వుకోమన్నాడు. వేళకు తినమన్నాడు, నీళ్ళు బాగా తాగమన్నాడు. వారానికొకసారి మీ ఉపాధ్యాయులకు సమాధానం దొరకాలి సార్ అని కన్నడంలో పదేపదే అన్నాడు. కన్నడంలో సమాధానమంటే మనసు కుదుటపడటం, ఊరట. నేను ఆ మాట పట్టుకుని రెండువందల పేజీల నోటుపుస్తకం ఒకటి తీసి, అట్ట మీద 'సమాధాన పుస్తక' అని పెద్ద అక్షరాలతో రాశాను. లోపల నాలుగు గళ్ళు: తేదీ, చేసిన కార్యక్రమం, ఉపాధ్యాయుల అనుభవం, ప్రధానోపాధ్యాయుడి సంతకం. వాళ్ళు ఇచ్చిన పోస్టరు కూడా తెచ్చాను. 'రోజూ చాలినంత నీళ్ళు తాగండి' అని రాసి, నవ్వుతున్న టీచరమ్మ బొమ్మ వేసి ఉంది. వరండా గోడలన్నీ పిల్లల బొమ్మలతో నిండిపోవడంతో చివర తాళం వేసి ఉన్న గది తలుపుకు దాన్ని అంటించాను.

శనివారాలు ఎలా గడిచాయో దాచనక్కర్లేదు. శనివారం పొద్దుటి బడి, పదకొండున్నరకు వదిలిపెడతారు. ఇంటికి పోయే బస్సు వేళకు నేను నలుగురినీ కూర్చోబెట్టి ఊపిరి పీల్చమనేవాణ్ణి. గోవిందప్ప సార్ మా అందరిలో సీనియరు, సమాజ శాస్త్రం చెప్పేవాడు. మొదటి శనివారమే కళ్ళు మూసుకుని గురక పెట్టాడు.

"ఏందప్పా గోవిందప్పా, నిద్రపోయినావా?" అన్నాను.

"లేదు సార్. మీరు చెప్పినట్లే చేసినా. శానా సమాధానంగా ఉండాది," అన్నాడు.

అందరూ నవ్వారు. శారద మేడమ్ కూడా నవ్వింది. ఆ రోజు అనుభవం గడిలో ఒక్కొక్కరూ ఒక్కో ముక్క రాశారు, నేను సంతకం చేశాను. తర్వాత వారాల్లో వాళ్ళు రాయడమూ నేను సంతకం పెట్టడమూ అలవాటైపోయింది. కింద కన్నడంలో 'చూశాను' అని రాసి సంతకం పెట్టడం మా శాఖలో పద్ధతి. నేను నిజంగానే చూసేవాణ్ణి, చదివేవాణ్ణి కాదు.

సెప్టెంబరులో నాకు శారద మేడమ్ మీద చిరాకు మొదలైంది. పదకొండు గంటలకు పదినిమిషాల విరామం. గంట కొట్టగానే ఆమె వడివడిగా గేటు దాటి పోయేది. తిరిగి వచ్చేసరికి ఇరవై నిమిషాలు, ఒక్కోరోజు ఇరవై అయిదు. ఈలోగా నలి-కలి గది సంతలా తయారయ్యేది. ఒకరోజు పిలిచి అడిగాను.

"ఎందుకు మేడమ్ దినామూ లేటు?"

"కొంచెం పని ఉంటాది సార్," అంది, నా వైపు చూడకుండా.

"ఇస్కూలు టైంలో ఏం పనమ్మా?"

ఆమె తలవంచుకుని గదిలోకి పోయింది. పై అధికారికి జవాబు చెప్పకపోవడం ఎంత తప్పో నాకు ముప్ఫై ఏళ్ళుగా తెలుసు. వారం చూసి నోటీసు ఇచ్చాను. మార్పు లేదు. రెండో నోటీసు ఒక గురువారం ఇచ్చాను. మూడు దినాల్లోగా లిఖితపూర్వకంగా వివరణ ఇవ్వాలి, లేకపోతే క్షేత్ర శిక్షణాధికారికి, అంటే తాలూకాలో మా అందరికీ పైన ఉండే అధికారికి, రిపోర్టు చేస్తానని రాశాను. నోటీసులు రాయడంలో నా చెయ్యి మంచిదని మా క్లస్టరు బళ్ళన్నిటిలో పేరు.

ఆ శనివారం అరగంట అయ్యాక సమాధాన పుస్తకం ఆమె ముందుకు తోశాను. అప్పటికే నాకు తాలూకాకు పంపాల్సిన ఒక పట్టీ నెత్తిమీద ఉంది.

"దీంట్లో ఏం రాయల్ల సార్?" అని అడిగింది.

"ఏముంది మేడమ్, సమాధానం రాయండి," అన్నాను, తలెత్తకుండానే.

నేను కన్నడం మాట అన్నాను. ఆమె బ్యాగులో నా నోటీసు ఉంది, ఆమె తెలుగు మాట విన్నది. తెలుగులో సమాధానమంటే జవాబు. చాలాసేపు రాసింది. ఇవాళ మేడమ్‌కు మనసు బాగా కుదుటపడినట్లుందే అనుకున్నాను. పుస్తకం వచ్చింది, చూశాను అని రాశాను, సంతకం పెట్టి తేదీ వేశాను.

సోమవారం నుంచి ఆమె విరామంలో గేటు దాటలేదు. వివరణ కాగితం రాలేదు కాని పని జరిగింది కదా అని నేను ఊరుకున్నాను. నోటీసు పనిచేసిందని పక్క ఊరి ప్రధానోపాధ్యాయుడితో గొప్పగా కూడా చెప్పుకున్నాను. నలి-కలి గది నిమ్మళమైంది. దసరా సెలవుల తర్వాత ఆ పిల్లల్లో సగంమంది చిన్న చిన్న వాక్యాలు చదువుతున్నారు. సోలార్ పలకలు కడిగే ఒకామె నా దగ్గరికి వచ్చి తన కూతురు బస్సు బోర్డు చదివిందని ఏడ్చింది. అదంతా శారద మేడమ్ పనేనని నాకు తెలుసు. ఆమెతో మాత్రం ఆ మాట అనలేదు, ప్రోత్సాహానికి శనివారం ఉంది కదా అని.

నవంబరులో ఆమెకు జ్వరం వచ్చింది. తగ్గింది, పదిరోజులకు మళ్ళీ వచ్చింది. మూడోసారి వచ్చాక డాక్టరు సర్టిఫికెట్ జతచేసి నెలరోజుల వైద్యపు సెలవుకు అర్జీ పెట్టింది. సర్టిఫికెట్‌లో మూత్రకోశానికి సంబంధించిన ఇన్ఫెక్షన్ అని ఉంది. అలాంటి మాటలు మగ ప్రధానోపాధ్యాయుడు గబగబా చదివి కాగితం తిప్పేస్తాడు. నేనూ అదే చేశాను. ఆమె పోతే ఆ గదిలో నిలబడేవాళ్ళు లేరు, నేర్చుకున్న నాలుగు ముక్కలూ పిల్లలు నెలరోజుల్లో మరిచిపోతారు. అర్జీ మీద ప్రధానోపాధ్యాయుడి అభిప్రాయం రాసేచోట 'తరగతి హితదృష్ట్యా సిఫారసు చేయడం లేదు' అని రాసి పైకి పంపాను. ఆమె మాత్రలు మింగుతూ బడికి వస్తూనే ఉంది.

డిసెంబరులో ఒక శనివారం పై కార్యాలయం నుంచి ఒక అధికారి పరిశీలనకు వచ్చారు. కర్ణాటకలోనే సముద్రతీరం వైపు మనిషి, మా ప్రాంతానికి కొత్త. తెలుగు ఒక్క ముక్క రాదు. ఉపాధ్యాయుల క్షేమం కోసం ఏం చేస్తున్నారని అడిగారు. నేను గర్వంగా సమాధాన పుస్తకం తెచ్చి ఇచ్చాను. తిరగేసి, అన్నిటికంటే ఎక్కువ రాసి ఉన్న పేజీ దగ్గర ఆగి, ఇదేదో పూర్తిగా రాశారే అని పైకి చదవడం మొదలుపెట్టారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా తాలూకాలో ఇంట్లో తెలుగు మాట్లాడతాం కాని మాలో చాలామందికి తెలుగు అక్షరాలు రావు. నేను నేర్చుకున్నది కూడా రిటైరయ్యాకే. ఇంటికి చీటీ రాసినా మాట తెలుగు, అక్షరం కన్నడం. శారద మేడమ్ అలాగే రాసింది. కాబట్టి ఆ పెద్దమనిషి ప్రతి అక్షరాన్నీ స్పష్టంగా, ఒక్క ముక్క అర్థం కాకుండా, మా అందరి ముందూ చదివారు.

"సార్, సమాధానం అడిగినారు. రాస్తా ఉండా. పొద్దున ఏడింటికి ఇల్లు ఇడిస్తే సాయంత్రం ఆరున్నరకి మళ్ళా ఇల్లు. నడాన నేను యాడికి పోవల్ల సార్? ఆడపిల్లోళ్ళ రూముకి గడియ లేదు, నీళ్ళు లేవు. మనకని కట్టిన రూములో ఇరిగిపోయిన బెంచీలు పెట్టి మీరే బీగం ఏసినారు. దాని తలుపు మీదే నీళ్ళు తాగండని బొమ్మ అంటించినారు. అందుకే తిప్పక్క ఇంటికి పోతా ఉండా. కంచె సుట్టూ తిరిగి పోయొచ్చేకి ఇరవై నిమిషాలు. మగోళ్ళ ముందర ఇది ఎట్లా చెప్పేది? నోటీసు ఇచ్చినారు కదా, సోమవారం నుంచి పోను. నీళ్ళు తాగేదీ ఇడిసిపెడతా. ఇదే నా సమాధానం."

తిప్పక్క మా బడిలో వంట చేసే ఆమె. ఆమె ఇల్లు బడి వరండాలో నిలబడితే కంచె అవతల కనపడుతుంది.

నోటీసు అన్న మాట దగ్గర అధికారి ఒక్క క్షణం ఆగి నా వైపు చూశారు, మళ్ళీ చదువుకుంటూ పోయారు. గోవిందప్ప సార్ నేలకేసి చూస్తున్నాడు. మిగతా ఇద్దరూ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. శారద మేడమ్ చేతులు కట్టుకుని నన్నే చూస్తోంది. పేజీ కింద నా చక్కటి సంతకం, దాని పక్కన 'చూశాను'. సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా ఆ జవాబు నా బీరువాలోనే ఉంది.

చివరి మాట మాత్రం అధికారికి అర్థమైంది. ఎందుకంటే అది కన్నడం మాట కూడా. మేడమ్‌కు మంచి సమాధానం దొరికినట్లుంది, సంతోషం అన్నారు. మిగతా దాంట్లో ఏముందని నన్ను అడిగారు.

"ఆరోగ్యం గురించి రాసినారు సార్," అన్నాను.

అది అబద్ధం కాదు. అబద్ధం కానందుకే ఇంకా సిగ్గుచేటు. ఆయన 'తృప్తికరం' అని రాసి జీపెక్కారు.

జీపు మలుపు తిరిగాక శారద మేడమ్ బ్యాగు భుజాన వేసుకుంటూ, "సమాధానం దొరికిందంట సార్," అని బస్సుకు పోయింది.

నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదని తెలిసినా ఎవరిమీదో ఒకరిమీద చూపించాలి కాబట్టి గోవిందప్ప మీద విరుచుకుపడ్డాను. "నీకు ముందే తెలుసు కదప్పా? నాకొక మాట చెప్పేకి ఏం వచ్చింది?"

"తెలుసు సార్. ఆయమ్మ రాసినానని చెప్పినాది. మీరు సంతకం పెట్టినారు. తెలిసే ఊరికే ఉండారని అనుకున్నాం," అన్నాడు.

మూడు నెలలుగా నా సిబ్బంది నా గురించి అనుకుంటున్నది అదన్నమాట.

ఆ గది సంగతి చెప్పాలి. ప్రభుత్వ వస్తువు విరిగినా ప్రభుత్వ వస్తువే. దాన్ని పారేయకూడదు, అమ్మకూడదు. డెడ్ స్టాక్ రిజిస్టరులో ఎక్కించి, మూడు ప్రతుల్లో జాబితా పంపి, కమిటీ వచ్చి చూసి పనికిరాదని తేల్చేదాకా భద్రపరచాలి. పోతే బాధ్యత ప్రధానోపాధ్యాయుడిది. నేను చేరిన వారంలోనే వరండాలో పడి ఉన్న విరిగిన బెంచీలు, చచ్చిన కంప్యూటరు చూసి కంగారుపడ్డాను. ఉపాధ్యాయుల కోసం కట్టిన మరుగుదొడ్డికి కుళాయి కనెక్షన్ ఇవ్వలేదు, ఎవరూ వాడటం లేదన్నారు. భేష్ అని అన్నీ అందులో వేసి తాళం పెట్టాను. వాడటం లేదా, వాడలేకపోతున్నారా అని అడగలేదు. బెంచీలు మాత్రం భద్రంగా ఉన్నాయి.

ఆదివారం తిప్పక్కను, ఆమె మొగుణ్ణి పిలిచి గది ఖాళీ చేయించాను. బెంచీలన్నీ నా ఆఫీసు గదిలోకి వచ్చాయి. పైపు వేయించడానికి అనుమతి రావాలంటే నెలలు పడుతుంది కాబట్టి డ్రమ్ము పెట్టించి, రోజూ నింపే పని తిప్పక్కకు అప్పగించాను. ఈ గదికీ ఆడపిల్లల గదికీ గడియలు బిగించాం. మొత్తం ఒక పూట పని.

తిప్పక్క నీళ్ళు పోసి గది కడుగుతూ, "ఆయమ్మ మా ఇంటికొచ్చి ఒక్క దినమూ కూసోలేదు సామీ. పోయేది, ఉరికేది. చెంబుడు మజ్జిగ ఇస్తామన్నా తాగదు. తాగితే మళ్ళా రావల్ల కదా అనేది," అంది.

సోమవారం తాలూకా కార్యాలయానికి పోయి నా అభిప్రాయం వెనక్కి తీసుకుంటున్నానని రాసి, సెలవుకు సిఫారసు చేసి వచ్చాను. ఒకసారి వద్దన్నవాడివి ఇప్పుడెందుకు కావాలంటున్నావని గుమాస్తా అడిగాడు. తప్పు రాశానన్నాను. సెలవు మంజూరైంది. ఆ నెలంతా నలి-కలి గదిలో నేనే నిలబడ్డాను. రెండోరోజుకే తల ప్రాణం తోకకొచ్చింది. పదకొండు గంటలకు గంట కొడితే నేను కూడా గేటువైపే చూశాను. నాకు మాత్రం ఏ గట్టు చాటైనా చాలు, మగవాణ్ణి కాబట్టి. ఆ పోలిక తట్టినప్పుడు నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆమె జనవరిలో తిరిగి వచ్చింది. గది చూసింది. మంచిదైంది సార్ అంది, అంతే. ఏప్రిల్ దాకా ఒక్కరోజు కూడా లేటు కాలేదు. తర్వాత బదిలీల కౌన్సెలింగులో హొసకోటకు దగ్గరి బడి కోరుకుంది, దొరికింది. రిలీవింగ్ ఆర్డరు ఇస్తూ, "ఇప్పుడు అన్నీ సరిగ్గా ఉండాయి కదా మేడమ్, ఎందుకు పోతారు?" అని అడిగాను. ఉండమని అడగడానికి నాకు అంతకంటే మంచి మాట రాలేదు.

"ఉండాయి సార్. డాక్టరేమో ఒక కిడ్నీ దెబ్బతినింది, బస్సులో అంతంత దూరం తిరగద్దని చెప్పినాడు," అంది. నిష్ఠూరం లేకుండా చెప్పింది. ఆర్డరు మడిచి బ్యాగులో పెట్టుకుని నమస్కారం చేసి పోయింది.

ఆమె స్థానంలో ఎవరూ రాలేదు. జూన్‌లో నలి-కలి పిల్లల్లో చాలామంది మళ్ళీ అక్షరాల దగ్గరే మొదలుపెట్టారు. బస్సు బోర్డు చదివిన పిల్లను వాళ్ళమ్మ పావగడలో ప్రైవేటు బడిలో వేసింది.

ప్రోత్సాహం గురించి ఎవరైనా కొత్త ప్రధానోపాధ్యాయుడు నన్ను అడిగితే చెప్పగలిగింది కొంచెమే. ఒక ఉపాధ్యాయురాలు బడివేళలో పదే పదే గేటు దాటుతోందంటే, ఎందుకు లేటని అడిగే ముందు బడిలో ఆమెకు ఏం లేదో లేచి వెళ్ళి చూడండి. సిబ్బంది రాసినదాని కింద చూశానని రాసే ముందు చదవండి. ఆ యేడాది నేను ఈ రెండు పనులు సెప్టెంబరులో చెయ్యవలసింది, డిసెంబరులో చేశాను. ఆ మూడు నెలలు ఆమె నీళ్ళు తాగలేదు.